వినబడిందా, అనిపించిందా? మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని నేర్చుకునే దారి

డాక్టరు చెప్పింది విని టైపు చేసే ఈ పనిలో నేను చేరిన కొత్తలో ఒక ఆడియో ఫైలు వచ్చింది. పేషెంట్‌కి బీపీ ఉంది, ఒంటినిండా దురద కూడా ఉంది. డాక్టరు మందుల జాబితా గబగబా చదివేశాడు. నేను హైడ్రాలజీన్ 25 మిల్లీగ్రాములు అని కొట్టి పంపించేశాను, బీపీ పేషెంట్ కదా, సరిగ్గా సరిపోయిందనుకున్నాను. మా సీనియర్ ఎడిటర్‌ని అందరం అక్క అనేవాళ్ళం. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్క మూడుసార్లు వినిపించి, "ఇది నీకు వినబడిందా, అనిపించిందా?" అని అడిగింది. అది హైడ్రాక్సిజీన్, దురదకి ఇచ్చే మందు. రెండూ 25లో దొరుకుతాయి, రెండూ నోట్లో ఒకేలా తిరుగుతాయి. ఒకటి బీపీ తగ్గిస్తుంది, ఇంకొకటి దురద తగ్గించి నిద్ర తెప్పిస్తుంది. ఆ తర్వాత "పడుకునే ముందు, దురద ఉంటే" అని డాక్టరు చెప్పిన మాట కూడా ఆడియోలో ఉంది. నేను అప్పటికే మనసులో ఖాయం చేసుకున్నాను కాబట్టి అది నా చెవికి ఎక్కలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది టైపింగ్ స్పీడ్ గురించి, ఏ కోర్సు చేయాలన్నదాని గురించి. అవీ చెప్తాను. కానీ అసలు పని మాత్రం అక్క అడిగిన ఆ ప్రశ్నే. ఇక్కడ రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది, మళ్ళీ మళ్ళీ అదే చెప్తున్నానని విసుక్కోకండి.

పని ఏంటో ముందు తెలుసుకోండి

డాక్టరు పేషెంట్‌ని చూశాక, లేదా ఆపరేషన్ అయ్యాక, ఏం జరిగిందో ఫోన్లోనో రికార్డర్‌లోనో చెప్తాడు. ఆ ఆడియో విని, దాన్ని ఆసుపత్రి రికార్డులో పెట్టగలిగే రిపోర్టుగా మార్చడం మన పని. మన దగ్గర ఇది ఎక్కువగా అమెరికా ఆసుపత్రుల కోసమే జరిగింది. అక్కడ తూర్పు తీరంలో సాయంత్రం 6 అయ్యేసరికి మనకి కాలాన్ని బట్టి మర్నాడు ఉదయం 3:30 లేదా 4:30 అవుతుంది. వాళ్ళు నిద్రపోయే వేళకి మనం కూర్చుంటే, వాళ్ళు లేచేసరికి రిపోర్టు సిద్ధంగా ఉంటుంది. 1990ల చివర్లో, 2000ల మొదట్లో హైదరాబాద్‌లో, ముఖ్యంగా అమీర్‌పేటలో, ఈ కోర్సు బోర్డులు చాలా కనబడడానికి కారణం ఈ టైము తేడానే.

ఇప్పుడు పరిస్థితి మారింది, అది దాచి మిమ్మల్ని రమ్మనను. 2009లో అమెరికా ప్రభుత్వం ఎలక్ట్రానిక్ రికార్డుల కోసం పెద్ద ఎత్తున డబ్బు పెట్టాక, చాలామంది డాక్టర్లు తామే కంప్యూటర్లో క్లిక్ చేయడం, టైపు చేయడం మొదలుపెట్టారు. స్పీచ్ రికగ్నిషన్ మెరుగుపడింది. ఈమధ్య డాక్టర్, పేషెంట్ మాట్లాడుకుంటుంటే విని నోట్ తయారుచేసే ఏఐ స్క్రైబ్‌లు కూడా వచ్చాయి. ఖాళీ పేజీ మీద మొదటి నుంచి టైపు చేసే పని బాగా తగ్గింది. మిషన్ రాసినదాన్ని ఆడియోతో సరిచూసే ఎడిటింగ్, నాణ్యత చూసే క్యూఏ, డాక్టర్‌తో లైవ్‌లో కూర్చునే వర్చువల్ స్క్రైబ్ పని ఉన్నాయి. మన ఆసుపత్రుల్లో రేడియాలజీ దగ్గర, డిశ్చార్జ్ సమ్మరీల దగ్గర కూడా ఈ పోస్టులు ఉంటాయి. అక్కడ చాలాసార్లు ఆడియోని కాలితో నడిపే పెడల్ ఉండదు, డాక్టరు పక్కనే నిలబడి చెప్తుంటే కొట్టాలి. వీటన్నిటికీ పునాది ఒకటే, అందుకే పాత పద్ధతిలోనే నేర్చుకోమంటాను.

మొదటి మెట్టు: మాటల్ని ముక్కలుగా చూడడం

మెడికల్ పదాలు వేలల్లో ఉన్నాయి కానీ వాటిని కట్టిన ముక్కలు కొన్ని వందలే. మొదటి రెండు నెలలు వీటికే ఇవ్వండి. చివర "ఐటిస్" వస్తే వాపు, "ఎక్టమీ" వస్తే తీసేయడం, "ఆటమీ" వస్తే కోయడం, "ఆస్టమీ" వస్తే బయటికి దారి చేసి తెరిచి ఉంచడం. ఇప్పుడు కొలెక్టమీ, కొలాటమీ, కొలాస్టమీ అని మూడు మాటలు వేగంగా విని చూడండి. మూడూ పెద్దపేగు మీద జరిగేవే, కానీ ఒకదానికి బదులు ఇంకొకటి రాస్తే రికార్డులో ఆ మనిషికి వేరే ఆపరేషన్ జరిగినట్టు అవుతుంది. అర్థం తెలిసినవాడు ఆపరేషన్ వివరంలో "స్టోమా" (పొట్ట మీద తెరిచి ఉంచిన దారి) అన్న మాట రాగానే తిరిగి వెనక్కి వెళ్ళి సరిచూసుకుంటాడు.

తర్వాత అనాటమీ. డాక్టర్లంత అవసరం లేదు, కానీ ఏ అవయవం ఏ పక్కన, దేనికి ఆనుకుని ఉందో బొమ్మ కళ్ళముందు కదలాలి. ఇంగ్లిష్‌లో ఈ-తో రాసే ఇలియం చిన్నపేగు చివరి భాగం, ఐ-తో రాసే ఇలియం తుంటి ఎముక. చెవికి రెండూ ఒకటే, తెలుగులో రాసినా ఒకటే. డాక్టరు పేగు ఆపరేషన్ చెప్తున్నాడా, ఎముక ఎక్స్‌రే చెప్తున్నాడా అన్నది తప్ప వేరే ఆధారం లేదు. మింగడం కష్టమైతే డిస్ఫేజియా, మాట కష్టమైతే డిస్‌ఫేసియా. పక్షవాతం వచ్చిన పేషెంట్‌లో రెండూ ఉండొచ్చు, అక్కడ సందర్భం కూడా సాయం చేయదు, చెవి ఒక్కటే దిక్కు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా రెండు అలవాట్లు మార్చుకోవాల్సి ఉంటుంది. ఒకటి స్పెల్లింగ్: బడిలో మనం చదివింది బ్రిటిష్ పద్ధతి, అనీమియా, ఎడీమా, హెమరేజ్ లాంటి మాటల్లో అమెరికన్లు అదనపు అక్షరం తీసేస్తారు. రెండోది మందుల పేర్లు. మన పారాసెటమాల్ వాళ్ళకి ఎసిటమినోఫెన్, మన సాల్‌బ్యుటమాల్ వాళ్ళకి ఆల్‌బ్యుటరాల్, మన అడ్రినలిన్ వాళ్ళకి ఎపినెఫ్రిన్, మన గ్లిబెన్‌క్లమైడ్ వాళ్ళకి గ్లైబ్యురైడ్. ఫార్మసీ చదివి వచ్చినవాళ్ళే ఇక్కడ ఎక్కువ తడబడడం చూశాను, ఎందుకంటే వాళ్ళకి తెలిసిన పేరు వినబడక, ఇదేదో కొత్త మందు అనుకుంటారు.

ఆడియో మొదలుపెట్టే ముందు పూర్తయిన రిపోర్టులు చదవండి. ఎంటీ శాంపుల్స్ అనే వెబ్‌సైట్లో వేలకొద్దీ నమూనా రిపోర్టులు ఉచితంగా ఉన్నాయి. ముఖ్యమైనవి నాలుగు: హిస్టరీ అండ్ ఫిజికల్, కన్సల్టేషన్, ఆపరేటివ్ రిపోర్ట్, డిశ్చార్జ్ సమ్మరీ. ఒక్కోదాంట్లో ఏ హెడింగ్ తర్వాత ఏది వస్తుందో పాటలాగా నోటికొచ్చేదాకా చదవండి. గాల్ బ్లాడర్ ఆపరేషన్ రిపోర్టులు ఓ 30 చదివితే, 31వది వింటున్నప్పుడు డాక్టరు తర్వాత ఏం చెప్తాడో మీకే తెలుస్తుంది. అది ఎంత ఉపయోగమో అంత ప్రమాదం కూడా, దాని గురించి కింద చెప్తాను.

రెండో మెట్టు: సామాను

దీని మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి. మామూలు కంప్యూటర్, మంచి కీబోర్డు, మణికట్టు వంగకుండా కూర్చోగలిగే కుర్చీ, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్. బ్లూటూత్ వద్దు, వైరుదే తీసుకోండి, మాట మొదటి అక్షరం మింగేసే ఆలస్యం ఈ పనిలో పనికిరాదు. పాటలకోసం బేస్ పెంచిన హెడ్‌ఫోన్లలో మాట మసకబారుతుంది.

ఫుట్ పెడల్ మాత్రం కొనాల్సిందే. యూఎస్‌బీకి తగిలించే మూడు మీటల పెడల్, మధ్యలోది తొక్కితే ఆడియో నడుస్తుంది, ఎడమది వెనక్కి, కుడిది ముందుకి. ఇన్ఫినిటీ అనే పెడల్ చాలా ఆఫీసుల్లో కనబడుతుంది. పెడల్ ఎందుకంటే చేతులు కీబోర్డు వదలక్కర్లేదు. కాలు తీసి మళ్ళీ తొక్కినప్పుడు ఆడియో ఒకటి రెండు సెకన్లు వెనక్కి జరిగి మొదలయ్యేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి, లేకపోతే ప్రతిసారీ ఒక మాట తెగిపోతుంది. కొనేలోపు ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్ అనే ప్లేయర్‌లో ఎఫ్9 నొక్కితే ప్లే, ఎఫ్4 నొక్కితే ఆగడం, ఎఫ్7తో వెనక్కి వెళ్ళడం, ఇలా కీబోర్డుతో కూడా మొదలుపెట్టొచ్చు. ఉద్యోగంలో చేరాక ఆసుపత్రికో కంపెనీకో సొంత ప్లాట్‌ఫాం ఉంటుంది, ప్లేయర్, టైపింగ్ పేజీ, పేషెంట్ వివరాలు అన్నీ అందులోనే.

ఇంక టెక్స్ట్ ఎక్స్‌పాండర్. మనం రెండు మూడు అక్షరాలు కొడితే మొత్తం వాక్యం వచ్చేస్తుంది. ఇన్‌స్టంట్ టెక్స్ట్ లాంటివి డబ్బులకి, ఆటోహాట్‌కీ ఉచితంగా దొరుకుతాయి, ఏదీ లేకపోతే వర్డ్‌లోని ఆటోకరెక్ట్ కూడా చాలు. టీపీ అని కొడితే "ది పేషెంట్", డబ్ల్యూఎన్ఎల్ అని కొడితే "వితిన్ నార్మల్ లిమిట్స్". సీనియర్లు వేల షార్ట్‌కట్లు పెట్టుకుంటారు, అసలు స్పీడంతా అక్కడే ఉంటుంది. నిమిషానికి 60 పదాలు కొట్టే మనిషి మంచి ఎక్స్‌పాండర్‌తో 80 కొట్టేవాళ్ళని దాటేయగలడు. కానీ మందులకి మాత్రం మొదటి మూడు అక్షరాలతో షార్ట్‌కట్ పెట్టకండి. సీఈఎల్ అని పెడితే అది సెలెబ్రెక్సా, సెలెక్సానా? ఒకటి కీళ్ళనొప్పులకి, ఒకటి డిప్రెషన్‌కి. అలాగే సీపీ అంటే మీకు ఛాతీ నొప్పి, ఇంకో డాక్టరు నోట్లో అది సెరిబ్రల్ పాల్సీ.

డిక్షనరీల్లో స్టెడ్‌మన్స్, డోర్లాండ్స్ రెండూ మంచివే. మందులకి అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే డైలీమెడ్ చూడండి, ఏ మందు ఎంత మోతాదులో దొరుకుతుందో అందులో ఉంటుంది. వన్‌లుక్ అనే సైటు నాకు చాలాసార్లు ప్రాణం పోసింది: మాట మొదలు, చివర తెలిసి మధ్యలో తెలియకపోతే, మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టి వెతకొచ్చు. గూగుల్‌లో వెతికితే "మీరు అడిగింది ఇదేనా" అని చూపించే మాటని నేరుగా ఎత్తి పెట్టేయకండి, దాని అర్థం చదివి, పేషెంట్ కథలో అతుకుతుందో లేదో చూశాకే పెట్టండి.

మూడో మెట్టు: ఒక ఫైలు ఎలా చేయాలి

ఫైలు తెరవగానే ప్లే నొక్కకండి. పేషెంట్ పేరు, వయసు, ఆడా మగా, అడ్మిట్ అయిన తేదీ, డాక్టరు పేరు, రిపోర్టు రకం చూడండి. డాక్టరు మొదట్లో చెప్పిన పేరు, నంబరు స్క్రీన్ మీద ఉన్నదానితో సరిపోవాలి. సరిపోకపోతే టైపింగ్ మొదలుపెట్టకండి. రిపోర్టు ఎంత బాగున్నా వేరే మనిషి రికార్డులో పడితే అదే అన్నిటికన్నా పెద్ద తప్పు.

మొదటిసారి వింటూ కొట్టేయండి, తెలియనిచోట ఆగి యుద్ధం చేయకండి. రెండుసార్లు వినండి, రాకపోతే గీత గీసి ముందుకి పోండి. ఎందుకంటే డాక్టరు అదే జబ్బు పేరో మందు పేరో చివర డయాగ్నసిస్ దగ్గరో ప్లాన్ దగ్గరో మళ్ళీ చెప్తాడు, చాలాసార్లు అక్కడ స్పష్టంగా చెప్తాడు. మొదటి పేజీలో పది నిమిషాలు కొట్టుకున్న మాట మూడో పేజీలో అక్షరం అక్షరం దొరికిన రోజులు నాకు లెక్కలేనన్ని.

అయిపోయాక మొదటినుంచి ఆడియోతో పాటు చదవండి. ఉత్తి కళ్ళతో చదివితే తప్పులు కనబడవు, మీరు రాసిందే మీకు వినబడుతుంది. ఒక నిమిషం ఆడియోకి అలవాటైనవాళ్ళకి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, కొత్తలో పది పట్టినా కంగారు పడకండి, టెన్షన్ పెంచుకుంటే చెవి ముందు మూసుకుపోతుంది.

వినబడని మాటకి ఒక క్రమం పాటించండి. వేగం 80 శాతానికి తగ్గించి వినండి, మరీ తగ్గిస్తే మాట సాగి ఇంకా పాడవుతుంది. దాంతో రాకపోతే కొంచెం వేగం పెంచి వినండి, యాస ఎక్కువున్న డాక్టర్లకి ఇది విచిత్రంగా పనిచేస్తుంది. మాట ఒక్కటే కాకుండా దానికి ముందు ఐదు సెకన్లనుంచి వినండి. అదే డాక్టరు పాత రిపోర్టులు చూడండి, ప్రతి డాక్టరుకీ వాడుకమాటలు ఉంటాయి. పక్కనున్నవాళ్ళని వినమనండి, అయితే మీకేమనిపించిందో ముందు చెప్పకండి, చెప్తే వాళ్ళకీ అదే వినబడుతుంది. అప్పటికీ రాకపోతే ఖాళీ వదిలి, ఆడియోలో ఎన్ని నిమిషాల దగ్గర ఉందో, ఎలా వినబడిందో రాసి ఫ్లాగ్ చేయండి, అంటే డాక్టరు చూడాలని గుర్తు పెట్టండి. ఖాళీ వదలడం చేతకానితనం అని కొత్తవాళ్ళు సిగ్గుపడతారు. ఖాళీని డాక్టరు చూస్తాడు, నింపుతాడు. నున్నగా అతికిన తప్పు మాటని ఎవరూ చూడరు.

2008లో అమెరికాలోని అలబామాలో ఒక ఆసుపత్రి డిశ్చార్జ్ రిపోర్టులో ఇన్సులిన్ 8 యూనిట్లకి బదులు 80 అని పడింది. పేషెంట్ వెళ్ళిన తర్వాతి కేంద్రంలో ఆ కాగితం చూసి ఇంజెక్షన్ ఇచ్చారు, ఆమె బతకలేదు. 2012 డిసెంబరులో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. ఆ టైపింగ్ పని చేతులు మారుతూ చివరికి వచ్చింది మన దేశానికే. ఈ కేసు గురించి చదివిన రోజు నేను డ్యూటీలో ప్రతి అంకె రెండుసార్లు విన్నాను, ఆ అలవాటు ఇంకా పోలేదు.

నాలుగో మెట్టు: అంకెలు, మందులు, ఉన్నదాన్ని లేదనే మాటలు

15, 50 దగ్గర అమెరికన్లు ఒత్తు మార్చి పలుకుతారు: ఫిఫ్‌టీన్‌లో ఒత్తు చివర పడుతుంది, ఫిఫ్టీలో మొదట. దానితోనే తేల్చుకోకండి, ఆ మందు ఆ మోతాదులో దొరుకుతుందా చూడండి. ల్యాబ్ రిపోర్టు చదివేటప్పుడు చాలామంది డాక్టర్లు పేర్లు చెప్పకుండా అంకెలు మాత్రమే వరసగా అనేస్తారు: సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్, బీయూఎన్, క్రియాటినిన్, షుగరు. ఆ వరస, మామూలుగా ఎంత ఉంటాయో గుర్తుండాలి. సోడియం 135 నుంచి 145 మధ్య, పొటాషియం 3.5 నుంచి 5 దాకా. పొటాషియం 42 అని వినబడితే అది 4.2. కానీ 6.2 అని వినబడితే ఎక్కువగా ఉందని 5.2 చేయకూడదు, జబ్బు మనిషికి అంకెలు మామూలుగా ఉండవు కదా.

అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టి రాతల జాబితా ఇచ్చింది. యూనిట్స్ అని పూర్తిగా రాయాలి, యూ అనే ఒక్క అక్షరం సున్నాలా కనబడి 8 కాస్తా 80 అవుతుంది. మోతాదు 5 అయితే 5.0 అని రాయకూడదు, చుక్క కనబడకపోతే 50 అయిపోతుంది. సగం మిల్లీగ్రాముకి చుక్క ముందు సున్నా తప్పకుండా ఉండాలి, 0.5. రోజుకోసారి అన్నదాన్ని క్యూడీ అని రాయకుండా డెయిలీ అని రాయాలి. ఎంఎస్ అంటే మార్ఫిన్ సల్ఫేటా, మెగ్నీషియం సల్ఫేటా అన్న అనుమానం రాకూడదు. ఈ జాబితా అచ్చు తీసి స్క్రీను పక్కన అంటించుకోండి.

మందుల పేర్ల గందరగోళం మన ఒక్కళ్ళదే కాదు. లోసెక్ అనే ఎసిడిటీ మందు, ఒంట్లో నీరు తగ్గించే లేసిక్స్‌తో కలిసిపోతోందని అమెరికాలో దాని పేరు ప్రైలోసెక్‌గా మార్చారు. బ్రింటెలిక్స్ అనే డిప్రెషన్ మందు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బ్రిలింటాతో కలుస్తోందని 2016లో ట్రింటెలిక్స్ అయింది. లామిక్టల్ మూర్ఛకి, లామిసిల్ ఫంగస్‌కి. జిర్టెక్ అలర్జీకి, జైప్రెక్సా మానసిక సమస్యలకి. ఇలాంటి జంటలకి ఓ నోటుబుక్ పెట్టుకోండి, మందు పక్కన జబ్బు రాయండి. రిపోర్టులో ఆ జబ్బు ఎక్కడా లేకపోతే ఆ మందు మీద అనుమానం రావాలి.

ఇప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టేవి. ఎఫెబ్రైల్ అని కలిపి రాస్తే జ్వరం లేదు, విడగొట్టి "ఎ ఫెబ్రైల్" అంటే జ్వరం ఉన్న మనిషి. ఎటిపికల్ ఛాతీ నొప్పి గుండెపోటు లక్షణాలకి సరిపడనిది, "ఎ టిపికల్" అయితే అచ్చంగా సరిపడేది. ఎడక్షన్, ఎబ్‌డక్షన్ ఒకటి చెయ్యో కాలో ఒంటి వైపుకి తేవడం, ఒకటి బయటికి చాపడం. మంచి డాక్టర్లు ఎబ్ అన్నది అక్షరాలు విడదీసి చెప్తారు. అమెరికన్ నోట్లో క్యాంట్‌లో చివరి ట దాదాపు వినబడదు. మధ్య అచ్చు నిండుగా "క్యాన్" అని సాగితే అది చేయలేడని, పొట్టిగా "కెన్" అని నలిగిపోతే చేయగలడని. ఇది ఒక్కటి అర్థమయ్యాక పేషెంట్ నడవగలడా లేదా అన్న వాక్యం మీద నా తప్పులు సగం పోయాయి.

డాక్టరే తప్పు చెప్తే? ఆడ పేషెంట్‌ని పొరపాటున "హీ" అంటే, రికార్డులో స్పష్టంగా ఉంటే సరిచేయొచ్చు, మాటకి మాట రాయమన్న క్లయింట్ అయితే వాళ్ళ రూలు చూడండి. కానీ పైన ఎడమ మోకాలు, కింద కుడి మోకాలు అంటే మీరు ఎప్పుడూ సరిచేయకండి. ఎన్నిసార్లు ఎడమ అన్నాడు అని లెక్కపెట్టి మెజారిటీ ప్రకారం మార్చినవాళ్ళని చూశాను. అది మన పని కాదు, రెండూ ఉన్నవి ఉన్నట్టు రాసి ఫ్లాగ్ చేయాలి. మందు మోతాదు విషయంలోనూ అంతే.

యాసల గురించి ఒక మాట. అమెరికాలో తెలుగు డాక్టర్లు చాలామంది ఉన్నారు, వాళ్ళ ఫైళ్ళు మనకి హాయిగా ఉంటాయి. డిక్టేషన్ మధ్యలో పక్కకి తిరిగి ఇంట్లోవాళ్ళతో "వస్తున్నా, రెండు నిమిషాలు" అన్న మాట వినబడినప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో మనవాళ్ళు పక్కన కూర్చున్నట్టు అనిపించేది. అయితే అర్థమైపోతోందన్న ధీమాలో అంకెలు వదిలేస్తాం, అక్కడ ఇంకాస్త జాగ్రత్త.

ఐదో మెట్టు: మిషన్ రాసినదాన్ని దిద్దడం

ఇప్పుడు ఎక్కువ పని ఇదే కాబట్టి ఇది బాగా నేర్చుకోండి. 2018లో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో వచ్చిన పరిశోధనలో స్పీచ్ రికగ్నిషన్ రాసిన 217 నోట్లు చూశారు. మిషన్ రాసిన దశలో 100 పదాలకి 7.4 తప్పులున్నాయి, ట్రాన్స్‌క్రిప్షనిస్ట్ చూశాక 0.4కి పడిపోయాయి, డాక్టరు సంతకం పెట్టాక 0.3. అంటే డాక్టరు చూసినందువల్ల తగ్గింది కొంచెమే, మిగతాదంతా తగ్గింది మధ్యలో మనం కూర్చున్నందువల్లే. మన పని ఏం చేస్తుందో ఎవరైనా అడిగితే నేను ఈ అంకెలే చెప్తాను.

మిషన్ ఇప్పుడు ఇంకా మెరుగైంది, కానీ దాని తప్పు తీరు వేరు. మనిషికి తెలియకపోతే స్పెల్లింగు వంకరపోతుంది, చూడగానే దొరుకుతుంది. మిషన్ మామూలుగా స్పెల్లింగ్ తప్పదు, పూర్తిగా సరైన ఇంకో మాట పెడుతుంది. "నో" అన్న చిన్న మాట మింగేస్తుంది, లేనినొప్పి ఉన్నట్టవుతుంది. విస్పర్ అనే ఏఐ మోడల్ మీద 2024లో వచ్చిన పరిశోధనలో సుమారు 1 శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని వాక్యాలు దానంతటది పుట్టించిందని తేలింది, మనిషి మాట మధ్యలో నిశ్శబ్దం ఎక్కువున్నచోట ఇది ఎక్కువ. అందుకే ఆడియోలో డాక్టరు దగ్గి, కాగితాలు తిప్పి, ఆగినచోట స్క్రీను మీద వాక్యం కనబడితే అనుమానించండి.

పద్ధతి ఒకటే: చెవి ముందు, కన్ను వెనక. చదువుతూ వినకండి, వింటూ చదవండి. కర్సర్ ఆడియో కన్నా ముందుకి పరిగెడుతోందంటే మీరు చదవడం మొదలుపెట్టారని అర్థం, ఆపి వెనక్కి రండి. 31వ గాల్ బ్లాడర్ రిపోర్టు గురించి పైన అన్నది ఇదే, తర్వాత ఏమొస్తుందో మీకూ తెలుసు, మిషన్‌కీ తెలుసు. ఆ రోజు ఆ పేషెంట్‌కి మాత్రం ఏదో తేడా జరిగి ఉంటుంది, డాక్టరు దాన్ని మామూలు వాక్యాల మధ్యలో మామూలు గొంతుతోనే చెప్తాడు. "నా నార్మల్ టెంప్లేట్ (ముందే రాసిపెట్టుకున్న వాక్యాలు) పెట్టేయ్" అనే డాక్టర్ల దగ్గర కూడా ఇదే, టెంప్లేట్‌లో గుండె చప్పుడు మామూలుగా ఉందని ఉంటుంది, కిందే మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) వినబడిందని చెప్తాడు. రెండూ ఒకే కాగితంలో ఉండకూడదు.

ఆరో మెట్టు: గుట్టు

మీ చేతిలో ఉన్నది ఒక మనిషి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పుకోని సంగతి. అమెరికాలో హిపా అనే చట్టం 1996లో వచ్చింది, దాని గోప్యత నిబంధనలు 2003 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో, చేతులు మారి మారి కరాచీ చేరిన పని చేసిన ఒకావిడ, తనకి డబ్బులు రాలేదని, పేషెంట్ల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆసుపత్రిని బెదిరించింది. ఆ తర్వాత విదేశాలకి పంపే పని మీద అక్కడ అనుమానాలు బాగా పెరిగాయి.

ఆచరణలో చిన్న విషయాలే: పనిగదిలోకి ఫోను తీసుకురాకండి, స్క్రీను ఫొటో వాట్సాప్‌లో అనుమానం తీర్చుకోవడానికి కూడా పంపకండి, ఇంటినుంచి చేస్తుంటే తలుపేసుకోండి. అర్థం కాని పేరాని చాట్‌బాట్‌లో పెట్టి అడగడం ఇప్పుడు కొత్త అలవాటు, పేషెంట్ వివరం ఒక్కటి ఉన్నా అది బయటికి పంపినట్టే. ఒక్క మాటని విడిగా వెతకండి, వాక్యాన్ని కాదు.

ఏడో మెట్టు: ఉద్యోగం అడిగేటప్పుడు

జీతం చాలాచోట్ల లైన్ల లెక్క. ఒక లైనంటే సాధారణంగా 65 అక్షరాలు, 3,900 అక్షరాల రిపోర్టు 60 లైన్లు. స్పేసులు లెక్కలోకి వస్తాయా, టెంప్లేట్ నుంచి వచ్చిన వాక్యాలకి డబ్బులిస్తారా, ఎడిటింగ్ లైనుకి రేటెంత అన్నది చేరకముందే కాగితం మీద అడగండి. ఎడిటింగ్ లైను రేటు మామూలు టైపింగ్ రేటులో సగం దగ్గర్లో ఉంటుంది, వేగం రెట్టింపైతేనే గిట్టుబాటు. 98 శాతం కన్నా ఎక్కువ నాణ్యత అడగడం మామూలే. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి ముందే పెద్ద మొత్తం కట్టమనే కోర్సుల్లో చేరకండి. సర్టిఫికెట్ కావాలంటే అమెరికాలోని ఏహెచ్‌డీఐ సంస్థ ఇచ్చే ఆర్‌హెచ్‌డీఎస్, ఆ తర్వాత సీహెచ్‌డీఎస్‌కి విలువుండేది, ఇప్పుడు ఇస్తున్నారో లేదో ముందు కనుక్కోండి, మొదటి ఏడాది మాత్రం వాటి వెంట పడక్కర్లేదు.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: బ్లాంక్ వదిలితే ఏం చేస్తారు? అందరికీ వినబడే మాట వదిలేస్తే మార్కులు తీయడం న్యాయమే. ప్రతి ఖాళీకీ జీతం కోసే చోట మాత్రం మీరు ఎంత మంచివాళ్ళైనా ఆరు నెలల్లో ఊహించి రాయడం మొదలుపెడతారు. నేను అలాంటిచోట కొన్నాళ్ళు చేశాను, మానేశాక చెవి మళ్ళీ దారిలో పడడానికి చాలా రోజులు పట్టింది.

రాత్రి షిఫ్టైతే గంటకోసారి ఐదు నిమిషాలు హెడ్‌ఫోన్ తీసేయండి. సౌండ్ పెంచితే అర్థమవుతుందనుకోవడం భ్రమ, తలనొప్పి వస్తుందంతే.

ఇక రోజూ చేయాల్సింది. క్యూఏ నుంచి తిరిగొచ్చిన ప్రతి ఫైలునీ, మార్కు చూసి మూసేయకుండా, ఆడియోతో మళ్ళీ తెరవండి. మీరు రాసిన మాట, అసలు మాట, ఆ డాక్టరు పలికిన తీరు, మూడూ నోటుబుక్‌లో రాయండి. నాలుగో గడిలో వినబడిందా, అనిపించిందా అన్నది నిజాయితీగా రాయండి. వారం చివర తిరగేస్తే రెండోసారి వచ్చిన తప్పులు కనబడతాయి, వాటి కింద గీత గీయండి. మూడోసారి కూడా వచ్చిన మాటకి ఎక్స్‌పాండర్‌లో షార్ట్‌కట్ తీసేసి, ఓ నెలరోజులపాటు దాన్ని అక్షరం అక్షరం చేత్తోనే కొట్టండి.